జెముడు పొదల్లో పెద్ద పురుగు

పార్టీల్లో ఎవరైనా "మీరేం చేస్తారండీ?" అని అడిగితే "పురుగులు" అని చెప్పండి. ఆ తర్వాత మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. ప్రశాంతంగా భోజనం చేసుకోవచ్చు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకి నేనిచ్చే మొదటి సలహా ఇదే.

నా పేరు వసుంధర. అరిజోనాలో, ఫీనిక్స్ శివార్లలో, కౌంటీ వాళ్ళ మొక్కల సలహా కేంద్రంలో పురుగుల నిపుణురాలిగా పనిచేసి ఈమధ్యే రిటైరయ్యాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి చెప్పుకునేంత గొప్పవి కావు, రానివి చెప్పుకుంటే కుళ్ళుమోతుదంటారు.

మాది అనంతపురం జిల్లా. మా చేల గట్ల మీద నాగజెముడు మొలిచేది. అదేనండీ, పడగ విప్పినట్టు పలకలు పలకలుగా పెరిగే ముళ్ళ మొక్క. మా తాత దాన్ని తిట్టని రోజు లేదు. ఒకటి నరికితే నాలుగు మొలిచేవి. అమెరికా వచ్చాక అదే నాగజెముడుని పురుగు పట్టకుండా చూడమని నాకు నెలనెలా జీతం ఇచ్చారు. సెలవులకి ఇంటికెళ్ళి ఆ మాట చెబితే మా తాత చేతిలో కొడవలి పక్కన పెట్టాడు.

"దీనికోసరమా పాపా, అంత దూరం పోయింది నువ్వు?" అన్నాడు.

మా తాతకి ఆ రోజు ఏదో సర్దిచెప్పాను. కాని ఈ ఉద్యోగం అసలు ఏమిటో చెప్పడానికి ఒక సంఘటన ఉంది. ఒక కొండ వాలులో ఉన్న పురుగుల వంశం నిలుస్తుందా, తుడిచిపెట్టుకుపోతుందా అన్న సంగతి అది. ఆ వంశానికి చావొచ్చింది మన తెలుగు మాట ఒక్కటి వల్ల. అందుకే తెలుగులోనే రాస్తున్నాను.

వాల్ట్ దగ్గర చదువు

నా మొదటి బాసు పేరు వాల్ట్. పెద్ద టోపీ, ఎండకి కమిలిన ముక్కు, ఉదయం పూట ఎవరితోనూ మాట్లాడని అలవాటు. నా పేరు ఆయన నోటికి తిరగక "వాసా" అయ్యింది. నేనూ సర్దుకున్నాను. ఆయనకి ఎడారి గురించి తెలియనిది లేదు, రాయడమంటే మాత్రం ఒళ్ళు బద్ధకం. తెలిసినదాంట్లో సగం ఆయనతో పాటే రిటైరైపోయింది. మీరు మాత్రం అలా చేయకండి.

చేరిన కొత్తలో ఒకాయన ఫోన్ చేశాడు. బాత్రూమ్‌లో తేలు ఉంది, నల్లగా, పంజాలు విప్పుకుని, కదలకుండా కూర్చుంది అన్నాడు. నేను ఉత్సాహంగా తేలు జాతి పేరు చెప్పి, విషం సంగతి చెప్పి, పిల్లల్ని దూరంగా ఉంచమని ఉపన్యాసం ఇచ్చాను. పాపం ఆయన బాత్రూమ్ తలుపు మూసి, కింద తువ్వాలు కుక్కి, హోటల్‌కి మకాం మార్చాడు. మర్నాడు మేం వెళ్ళి చూస్తే అది వాళ్ళావిడ జుట్టుకి పెట్టుకునే క్లిప్పు.

సోమవారం నేను ఆఫీసుకి వచ్చేసరికి నా బల్ల మీద అలాంటి క్లిప్పే ఒకటి, పక్కన చిన్న కాగితం మీద "విషపూరితం" అని రాసి ఉంది. తర్వాత కాఫీ తాగుతూ వాల్ట్ అసలు పాఠం చెప్పాడు. "ఫోన్‌లో పురుగుకి పేరు పెట్టకు, వాసా. మనిషి ఏం చూశాడో అడుగు. ముందు కాళ్ళు లెక్కపెట్టమను."

ఇంతకంటే పెద్ద చదువు నేను యూనివర్సిటీలో కూడా చదవలేదు. పురుగుల ఉద్యోగంలో పురుగులతో పని తక్కువ. చూసింది ఒకటి, భయపడింది ఇంకొకటి, చెప్పేది మూడోది అయిన మనుషులతోనే పనంతా.

మీసాలోడి సంసారం

ఆ వాలు నాకు చూపించింది కూడా వాల్టే. అప్పుడక్కడ ఇళ్ళు లేవు. చిన్న కొండ, దాని పక్కన నాగజెముడు పొదలు, అంతే. వానాకాలం మొదలైన ఒక సాయంత్రం నన్ను అక్కడ కూర్చోబెట్టి "మాట్లాడకుండా చూడు" అన్నాడు. కాసేపటికి పొద మొదట్లోంచి నల్లటి పురుగు ఒకటి బయటికి వచ్చింది. బూటుకి పాలిష్ వేసినట్టు నిగనిగలాడుతోంది. బొటనవేలంత ఉంటుంది. తలమీద పొడుగాటి మీసాలు. తాపీగా ముళ్ళ మధ్యనుంచి ఎక్కి, లేత పలక అంచు పట్టుకుని, మనం అప్పడం కొరికినట్టు కొరకడం మొదలుపెట్టింది.

దానికి శాస్త్రం పెట్టిన పేరు వేరే ఉంది. నేను మాత్రం జెముడు మీసాలోడు అని పిలుచుకునేదాన్ని. ఆడదానికీ మీసాలే కాబట్టి ఆ పేరు సరికాదు, కాని అలవాటైపోయింది.

దీని తిండీ ఇల్లూ అన్నీ జెముడే. ఆడపురుగు మొక్క మొదట్లో గుడ్లు పెడుతుంది. పిల్ల లోపలికి తొలుచుకుని పోతుంది. గాయం దగ్గర మొక్క జిగురు కారుస్తుంది, ఆ జిగురు ఎండి నల్లగా గడ్డకడుతుంది. అది చూసి జనం మొక్కకి తెగులొచ్చిందని మాకు ఫోన్ చేస్తారు. పిల్ల చలికాలమంతా లోపలే తింటూ, నిద్రపోతూ గడిపి, ఎండలు ముదిరి వానలొచ్చే వేళకి మీసాలు మొలిపించుకుని బయటికొస్తుంది. లేత మొక్కలైతే దీని దెబ్బకి చస్తాయి, నిజమే. ముదిరిన పొదలకి ఏమీ కాదు. తెగి కిందపడ్డ పలక కూడా వేరు పోసుకుని కొత్త మొక్కవుతుంది.

దీని అసలు అందం బెదిరింపులో ఉంది. ఎడారిలో ఇంకో నల్ల పురుగు ఉంది. దాన్ని కదిపితే తల కిందికి పెట్టి, వెనక భాగం పైకెత్తి, భరించలేని కంపు కొడుతుంది. నక్కలు కూడా దాని జోలికి పోవు. మన మీసాలోడి దగ్గర ఆ కంపు లేదు. పోజు మాత్రం ఉంది. ఎవరైనా దగ్గరికొస్తే వీడూ తలకిందులుగా నిలబడతాడు. ట్రాఫిక్ పోలీసు ఆపగానే "మా మామయ్య ఎవరో తెలుసా?" అనే కుర్రాళ్ళు ఉంటారు చూడండి, అచ్చం ఆ బాపతు. మామయ్యా లేడు, ఏమీ లేడు.

ఇక ముఖ్యమైన సంగతి. వీడు ఎగరలేడు. వీపు మీది డొప్పలు రెండూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎక్కడికైనా నడిచే పోవాలి. అందుకే ఒక్కో కొండకి ఒక్కో వంశం, వాళ్ళలో వాళ్ళే. మా వాలు చుట్టూ తర్వాత ఇళ్ళొచ్చాయి, ఆరు లేన్ల రోడ్డొచ్చింది. ఇక్కడి మీసాలోళ్ళు పోతే పక్క కొండ నుంచి ఎగిరి రావడానికి రెక్కల్లేవు, నడిచి రావడానికి దారి లేదు. పోతే పోయినట్టే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ప్రతి వానాకాలం నేను అక్కడికి వెళ్ళి వాళ్ళని చూసి వచ్చేదాన్ని. పుట్టింటికి వెళ్ళొచ్చినట్టుండేది.

వాట్సాప్‌లో పెరిగిన పురుగు

వాలు కింద కట్టిన కాలనీలో సగం మంది మనవాళ్ళే. చిప్‌ల కంపెనీలో కొందరు, బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో కొందరు. జెముడు పొదల మధ్యగా సిమెంటు కాలిబాట ఒకటి వేశారు. బాటకి పైన కొన్ని పొదలు, కింద కొన్ని. సాయంత్రమైతే కాలనీ అంతా ఆ బాట మీదే నడుస్తుంది.

నేను రిటైరయ్యే ముందు ఏడాది వానాకాలంలో కిరణ్ అనే అబ్బాయి ఫోన్ చేశాడు. చలి ఎక్కువుండే పార్సిప్పనీ ఊరి నుంచి ట్రాన్స్‌ఫర్ అయి కొత్తగా వచ్చినవాడు, వచ్చీ రాగానే కాలనీ కమిటీలో చేరాడు. మర్యాదస్తుడు. కంగారు మాత్రం ఎక్కువ.

"ఆంటీ, మా కాక్టస్ ఏరియాలో పాయిజనస్ బీటిల్స్ వచ్చాయి. స్ప్రే చేయిస్తున్నాం. మీరు జస్ట్ ఒక ఈమెయిల్ పంపితే చాలు, నో ప్రాబ్లమ్ అని."

"ప్రాబ్లమ్ ఉంది కదా నాన్నా. ఆ పురుగుకి విషం లేదు."

"ఫొటో చూశారా? తలకిందులుగా నిలబడి ఎటాక్ చేయడానికి రెడీగా ఉంది."

"అది ఎటాక్ కాదు, బిల్డప్."

కిరణ్ నవ్వలేదు. "మా మామగారు కళ్ళారా చూశారాంటీ. మీదపడితే మనిషి దక్కడు అన్నారట. పార్సిప్పనీలో అయితే చలికి అన్నీ చస్తాయి. ఇక్కడ చలి లేదు కదా, మనమే ఏదో ఒకటి చేయాలి."

మెల్లగా కూపీ లాగితే తేలింది ఇది. కిరణ్ మామగారు సుబ్బరామయ్యగారు కరెంటు డిపార్టుమెంటులో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. కూతురు శ్రావణి దగ్గర ఉంటారు. ఒక సాయంత్రం నడకకి వెళ్ళొచ్చి, "ఆ పొదల్లో పెద్ద పురుగు ఉందమ్మా, చాలా ప్రమాదం, పిల్లల్ని అటు పంపకండి" అని కూతురితో చెప్పారు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో పెరిగిన శ్రావణి అది వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఇంకెవరో వెళ్ళి, పొద మీద కనబడ్డ మీసాలోడిని ఫొటో తీసి, ఇదేనా అని పెట్టారు. ఇదే అయ్యుంటుందని ఒకరు, ఇదేనని ఇంకొకరు. పొద్దున్నకల్లా మీసాలోడికి విషం ఎక్కింది, మధ్యాహ్నానికి టెక్సాస్‌లో ఎవరినో చంపేశాడు కూడా.

"మీ మామగారితో ఒకసారి మాట్లాడతాను" అన్నాను.

"ఆయన బెంటన్‌విల్‌లో మా బావమరిది ఇంటికెళ్ళారాంటీ. ఫోన్ చేసినా లాభం లేదు. వాడనప్పుడు స్విచాఫ్ చేసేస్తారు, కరెంటు వేస్ట్ అని."

నేను ఈమెయిల్ రాశాను, కిరణ్ కోరినట్టు కాదు. ఆ పురుగు ఎవరినీ ఏమీ చేయదు, మందు కొట్టొద్దు అని రాశాను. పెద్దగా పని చేయలేదు. కమిటీలో సగం మంది ఒప్పుకున్నారు, సగం మంది "పెద్దాయన చూశారు కదా" అన్నారు. ఓటు పెట్టి తేల్చుకుందామనుకున్నారు. ఈలోగా మొక్కలు కత్తిరించే కాంట్రాక్టరుకి ఎవరో ముందే చెప్పేసినట్టున్నారు, అతను ఒక పొద్దున వచ్చి బాటకి కింద ఉన్న పొదలన్నిటికీ మందు కొట్టేశాడు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. కమిటీలంటే అంతే.

సంగతి తెలిసి నేను వెళ్ళేసరికి కింది పొదల చుట్టూ మీసాలోళ్ళు వెల్లకిలా పడి ఉన్నారు. కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి. కొన్నిటి మీసాలు ఇంకా కదులుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. నవ్వండి పరవాలేదు. అరవై దాటిన మనిషి, పెద్ద డాక్టరేటు, పురుగుల కోసం సిమెంటు బాట మీద కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది. నడకకి వచ్చిన ఒకావిడ ఆగి, "షుగర్ డౌన్ అయ్యిందా ఆంటీ, చాక్లెట్ ఇవ్వనా?" అంది.

ఇక మిగిలింది పైన ఉన్న పొదలు. వాటి మీద ఓటు ఆ శనివారం సాయంత్రం.

క్లబ్‌హౌస్

నేను స్లైడ్లు తయారుచేసుకుని వెళ్ళాను. పిల్లలూ, ఇది కూడా రాసిపెట్టుకోండి: సమోసాలు పెట్టిన చోట స్లైడ్లు ఎవరూ చూడరు. హాలు నిండా జనం. వాళ్ళ పిల్లలు బయట టార్చిలైట్లు పట్టుకుని పరుగులు పెడుతున్నారు. సూర్యుడు దిగిపోయాడు. నేను మీసాలోడి రెక్కల గురించి చెబుతుంటే వెనక వరుసలో ఒకాయన గ్రీన్‌కార్డు గురించి చెబుతున్నాడు. ఆయన చుట్టూనే ఎక్కువమంది ఉన్నారు.

అప్పుడు తలుపు తీసుకుని సుబ్బరామయ్యగారు వచ్చారు. ఆ మధ్యాహ్నమే బెంటన్‌విల్ నుంచి దిగారట. ఇస్త్రీ చొక్కా, చేతికర్ర. తిన్నగా నా దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నారు.

"ఏమ్మా, పురుగుల డాక్టరువి నువ్వేనా?"

"నేనేనండీ బాబాయిగారూ."

"ఇక్కడ దానికి కూడా మందు కొడతారటగా. పోతుందా? మావైపు అయితే కర్ర తీసుకునేవాళ్ళం."

"దీనికి కర్ర ఎందుకండీ, చెప్పు చాలు" అన్నాను. కోపంలో ఉన్నాను మరి.

ఆయన నా చెప్పుల వంక, తర్వాత నా మొహం వంక చూశారు. "చెప్పుతోనా? నీకు ధైర్యం ఎక్కువే తల్లీ."

చుట్టూ నలుగురు నవ్వారు. నేను నవ్వలేదు. ఆయన ఎగతాళిగా అనలేదు. నిజంగానే మెచ్చుకున్నారు. ఎక్కడో తేడా కొట్టింది.

"ఎక్కడ చూశారండీ?"

"అదే, ఆ..." అని ఒక మాట మింగి, "ఆ జెముడు పొదల కింద" అన్నారు.

మా అవ్వ అలాగే మింగేది. పగలంతా నాగజెముడు అనేది, దీపాలు పెట్టాక ఉత్త జెముడు అనేది. ఆ తేడా ఎందుకో నాకు తెలుసు. తెలుసుననిపించగానే వంగి ఆయనకి దగ్గరగా జరిగాను.

"ఎంత పొడుగుందండీ?"

ఆయన కర్ర ఒళ్ళో పెట్టుకుని చేతులు రెండూ చాపారు. కిరణ్ కల్పించుకుని, "మామయ్యగారు కొంచెం ఎగ్జాజరేట్ చేస్తారాంటీ" అన్నాడు.

"కాళ్ళెన్ని, బాబాయిగారూ?"

"కాళ్ళేమిటమ్మా?" ఆయన కిటికీలోంచి చీకటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "ఆ వేళప్పుడు పేరెత్తకూడదని పురుగు అన్నాను. నీకు తెలీదూ? తోక చివర గిలక వాయించింది కూడా."

చదివేవాళ్ళలో పట్నంలో పెరిగినవాళ్ళు ఉంటారు కాబట్టి విడమరిచి చెబుతాను. మన పల్లెల్లో చీకటిపడ్డాక పాముని పాము అనరు. పేరు పెట్టి పిలిస్తే వస్తుందని నమ్మకం. పురుగు అంటారు. పాము కరిచిందని కూడా అనరు, పురుగు ముట్టింది అంటారు. చీకట్లో పురుగూ పుట్రా ఉంటాయి జాగ్రత్త అనడం మనందరం వినే ఉంటాం, ఆ పురుగు చీమా దోమా కాదు. సుబ్బరామయ్యగారు ఉన్నమాటే చెప్పారు, సాయంత్రం కాబట్టి సాయంత్రపు భాషలో చెప్పారు. తోకలో గిలక ఉన్నదంటే ఈ ఎడారిలో ఒకటే అర్థం, మహా విషమున్న గిలక పాము. రాటిల్‌స్నేక్.

హాల్లో పల్లెటూళ్ళవాళ్ళకి ముందు అర్థమైంది. సమోసా తింటున్న ఒకాయన నమలడం ఆపేశాడు. పక్కవాళ్ళకి చెవిలో చెప్పాడు. మాట వరసల్లో వెనక్కి పాకింది. గ్రీన్‌కార్డు ఆగిపోయింది.

"పిల్లలు ఏరీ?" అంది శ్రావణి.

ఆ మాట ఆమె మెల్లగానే అంది. కాని హాలు మొత్తం లేచింది. నా ఈమెయిల్ నమ్మినవాళ్ళూ నేనూ వారం రోజులుగా పిల్లలకి ఏం చెప్పాం? అవి ఉత్త బీటిల్స్, ముట్టుకోకండి, చూడండి చాలు అని చెప్పాం. టార్చిలైట్లతో వాళ్ళు వెళ్ళింది బీటిల్స్ చూడటానికే.

నేను అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. కిరణ్ నన్ను దాటి పోయాడు, చెప్పులు వదిలేసి. బాటకి పై పక్క పొద చుట్టూ వెలుగు చుక్కలు గుంపుగా కనబడ్డాయి. పిల్లలందరూ మోకాళ్ళ మీద వంగి, తలలు ఒకచోట పెట్టి చూస్తున్నారు. ఎవరూ ఏడవడం లేదు. కిరణ్ కూతుర్ని ఒక్క ఊపున ఎత్తుకున్నాడు. ఆ పిల్ల వాడి భుజం మీదనుంచి నన్ను చూసి, "ఆంటీ, లుక్, బీటిల్ శీర్షాసనం చేస్తున్నాడు" అంది.

నిజంగానే చేస్తున్నాడు. ఇంతమంది మనుషులు, ఇన్ని లైట్లు, మావాడు తల కిందికి పెట్టి, వెనక్కి తగ్గేది లేదన్నట్టు నిలబడ్డాడు. ఆ పిల్లల్ని పై పొద దగ్గర ఆపి ఉంచింది వాడే. పిల్లల్ని ఒక్కొక్కరినే కాలిబాట మధ్యగా నడిపించి తెచ్చాం. ఇళ్ళకి చేరి తలుపులు మూశాక కిరణ్ తన ఇంట్లో సోఫాలో కూలబడి, కూతురి పాదాలు లైటు కింద తిప్పి తిప్పి చూశాడు. నేనూ పక్కన కూర్చుని ఇంకోసారి చూశాను.

మర్నాడు పాములు పట్టి దూరంగా వదిలేవాళ్ళని పిలిచాం. అది దొరికింది ఎక్కడో తెలుసా? కింది పొదల్లో. మీసాలోళ్ళందరినీ చంపిన ఆ మందు పడ్డ చోటే, హాయిగా చుట్ట చుట్టుకుని ఉంది. డబ్బాలో పెడుతుంటే గిలక వాయించింది. పగలే కాబట్టి సుబ్బరామయ్యగారు "పాము, మంచి పెద్ద పాము" అని నిక్షేపంగా అన్నారు.

పై పొదల మీద ఓటు ఇక జరగలేదు. కిరణ్ కమిటీకి తనే రాశాడు, స్ప్రే వద్దని. నాకు వేరే ఫోన్ చేశాడు.

"సారీ ఆంటీ. నేను మామయ్యగారిని అడగలేదు. ఫొటోని అడిగాను."

"నేనూ బెంటన్‌విల్‌కి ఫోన్ చేయలేదు కదా నాన్నా. శ్రావణి చేత ఆయన ఫోన్ ఆన్ చేయించి ఉంటే సరిపోయేది."

పిల్లలూ, ఈ ఉద్యోగంలో మీకు మైక్రోస్కోపులు ఇస్తారు. మంచివే. కాని ఫోన్‌లో అవతలి మనిషి ఏ ఊరి మనిషి, ఏ వేళప్పుడు మాట్లాడుతున్నాడు అన్నది వాటిలో కనబడదు. స్పానిష్ మాట్లాడే తోటమాలి చెప్పే పురుగు వేరు, టెక్సాస్ రైతు చెప్పే పురుగు వేరు. మన పెద్దాయన చెప్పే పురుగు సంగతి చూశారుగా.

కాలిబాట

కింది పొదలు అలాగే ఖాళీగా ఉండిపోయాయి. జెముడుకి ఏమీ కాలేదు, అది మా తాత తిట్లకే చావలేదు. మీసాలోళ్ళే లేరు. ఆ వానాకాలం మిగిలిన రోజులన్నీ చూశాను, ఒక్కడూ రాలేదు. పై పొదల్లో ఉన్నవాళ్ళు తక్కువ. వాళ్ళ వంశం నిలబడాలంటే మళ్ళీ కిందికి దిగాలి. మధ్యలో సిమెంటు బాట. సాయంత్రం వాళ్ళు నడిచే వేళా, కాలనీ నడిచే వేళా ఒకటే. బాట మీద నలిగిపోయినవాళ్ళని అప్పుడప్పుడూ చూశాను.

రిటైరయ్యాక వచ్చిన మొదటి వానాకాలం. ఆఫీసు లేదు, జీతం లేదు. సాయంత్రమయ్యేసరికి కాళ్ళు అటే లాగేవి. నేను వెళ్ళి కూర్చుంటే సుబ్బరామయ్యగారు కర్రతో నా బెంచీ దగ్గరికొచ్చి కూర్చునేవారు. "ఇవాళ దిగారా మీవాళ్ళు?" అని అడిగేవారు. లేదంటే కరెంటు డిపార్టుమెంటు కబుర్లు చెప్పేవారు. వాటికి అంతుండదు.

ఒకరోజు మబ్బు పట్టి, ఇంకా వెలుగు ఉండగానే, పై పొద అంచు నుంచి ఒకటి దిగింది. ఆడది. కడుపు నిండుగా ఉంది, గుడ్లతో ఉందని చూడగానే తెలిసింది. బాట అంచుకొచ్చి మీసాలు అటూ ఇటూ ఆడించి, సిమెంటు మీద కాలు పెట్టింది.

"చేత్తో ఎత్తి అటు పెట్టెయ్యరాదూ?" అన్నారు సుబ్బరామయ్యగారు.

"ఎత్తితే తలకిందులుగా నిలబడిపోతుందండీ. తర్వాత బెదిరి ఎటు పోతుందో చెప్పలేం. దాని దారిన అది పోవాలి."

అది తీరిగ్గా నడుస్తోంది. పెళ్ళికి పట్టుచీర కట్టుకుని వెళ్ళేవాళ్ళు నడిచినట్టు. అంతలో బాట మీద జనం వచ్చేస్తున్నారు. ముందు తోపుడు బండిలో పాపతో ఒక తల్లి, వెనక ఆఫీసు నుంచి వచ్చి ఫోన్లు మాట్లాడుకుంటూ నలుగురు, వాళ్ళ వెనక చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తే ఒక తెల్లాయన. ఎవరూ కిందికి చూడటం లేదు. నేను లేచి, "ఎక్స్‌క్యూజ్ మీ, ఇక్కడ ఒక రేర్ లాంగ్‌హార్న్ బీటిల్..." అని మొదలుపెట్టాను. ఎవరూ ఆగలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నా మాట ఎవరు విన్నారు గనుక.

సుబ్బరామయ్యగారు కూర్చున్న చోటునుంచి లేవలేదు. కర్ర కొంచెం ఎత్తి, మామూలు గొంతుతో ఒక్క మాట అన్నారు.

"పురుగమ్మా, పురుగు."

తోపుడు బండి అక్కడికక్కడే వెనక్కి తిరిగింది. ఫోన్లు మాట్లాడుతున్న నలుగురూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఆగారు, తర్వాత వచ్చిన దారినే గబగబా పోయారు. తెల్లాయనకి భాష తెలియదు. కాని అంతమంది పారిపోతుంటే నిలబడే మనిషి కాదు, ఆయనా చెవుల్లోంచి పాటలు పీక్కుని వాళ్ళ వెంట పరుగెత్తాడు.

బాటంతా ఖాళీ అయిపోయింది. నేను ఆయన వంక చూశాను.

"అబద్ధమాడానా? పురుగేగా అది" అన్నారు.

ఆడపురుగు సిమెంటు దాటి, అవతలి మట్టిలోకి దిగి, కింది పొద మొదట్లోకి వెళ్ళింది. కాసేపు కనబడలేదు. తర్వాత ముళ్ళ మధ్యనుంచి పైకెక్కి, లేత పలక అంచు పట్టుకుంది. నేను ఏదో చెప్పబోయాను. కొరుకుతోంది, మాట్లాడొద్దన్నట్టు సుబ్బరామయ్యగారు చెయ్యెత్తారు.